కడీల గుంతలకు కాంక్రీట్ ఎంత పడుతుంది? (నాలుగెకరాల బత్తాయి తోట, మునుగోడు దగ్గర)

బత్తాయి_మునుగోడు
అందరికీ నమస్కారం. మాది మునుగోడు దగ్గర 4 ఎకరాల 10 గుంటల బత్తాయి తోట. ఎర్ర చెల్క నేల, రెండడుగులు దిగితే మొరం తగులుతుంది. అడవి పందుల బాధ పడలేక ఈసారి చుట్టూ కంచె వేయిద్దామని ఇంట్లో అందరం అనుకున్నాం. రాతి కడీలు (కంచె స్తంభాలు), ఏడడుగులవి. రెండడుగులు లోపలికి, ఐదడుగులు పైకి. పదడుగులకు ఒక కడీ. గెట్టు వెంబడి టేపు పట్టి కొలిస్తే 1,840 అడుగులు వచ్చింది, అంటే 184 కడీలు.

సిమెంట్ దగ్గరే లెక్క తెగడం లేదు. కడీలు పాతే మేస్త్రీ బస్తాకు నాలుగు కడీలు వస్తాయన్నాడు. సిమెంట్ షాపులో అడిగితే బస్తాకు రెండే అన్నారు. పక్క చేను అన్న తనకు బస్తాకు ఆరు వచ్చాయంటున్నాడు. ఒకరి మాట వింటే 92 బస్తాలు, ఇంకొకరి మాట వింటే 46, మరొకరిది 31. ఇంత తేడా ఎలా వస్తుంది? ఇసుక, కంకర కూడా దీన్ని బట్టే తెప్పించాలి. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

దేవరకొండ_మల్లె
గెట్టు కొలత సరిగ్గానే ఉన్నట్టుంది అన్నా. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, ఎకరానికి 40 గుంటలు. మీ 170 గుంటలు కచ్చితమైన చదరంగా ఉంటే చుట్టుకొలత 1,720 అడుగుల దాకా వస్తుంది. పొడుగుగా ఉన్న చేనుకు ఇంకా పెరుగుతుంది, కాబట్టి 1,840 నమ్మొచ్చు. చాలామంది పాస్‌బుక్కులో ఎకరాలు చూసి కడీలు లెక్క కడతారు, అది వద్దు. ఒకే విస్తీర్ణం ఉన్న రెండు చేలకు చుట్టుకొలతలో చాలా తేడా ఉంటుంది.

ఇంకో మాట. కాంక్రీట్ పోయకముందే గెట్టు పక్కవాళ్లతో నిలబడి తాడు పట్టుకోండి. మట్టిలో పాతిన కడీని జరపొచ్చు, కాంక్రీట్ పోశాక జరపాలంటే పగలగొట్టాల్సిందే.

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
ముగ్గురు చెప్పిందీ నిజమే అయ్యుండొచ్చు. వాళ్లు ఒకే గుంత గురించి, ఒకే పాళ్ల గురించి మాట్లాడటం లేదు, అంతే. బస్తాకు ఎన్ని కడీలు అనే ప్రశ్నకు గుంత సైజు తెలియకుండా జవాబు ఉండదు. మూడు సంగతులు చెప్పండి: గుంత ట్రాక్టర్ డ్రిల్లుతో వేయిస్తున్నారా, గడ్డపారతో తవ్విస్తున్నారా? వెడల్పు ఎంత? కడీ మందం ఎంత?

బత్తాయి_మునుగోడు
ఇంకా తేల్చుకోలేదు మేడమ్. ట్రాక్టర్ డ్రిల్లు మా దగ్గర దొరుకుతుంది, 9 అంగుళాలు, 12 అంగుళాలు, 18 అంగుళాల బిట్లు ఉన్నాయన్నారు. మేస్త్రీ మాత్రం మనుషులతో తవ్విస్తానంటున్నాడు. కడీ అడుగు భాగం సుమారు 6 అంగుళాలు, 4 అంగుళాలు. రాయి కాబట్టి అన్నీ ఒక్క తీరుగా ఉండవు.

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
సరే, అడుగుల్లోనే లెక్క చేద్దాం, అందరికీ తేలిగ్గా ఉంటుంది.

గుండ్రటి గుంతకు వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని 0.785తో, తర్వాత లోతుతో గుణించాలి. 12 అంగుళాలంటే 1 అడుగు. 1 × 1 × 0.785 × 2 = 1.57 ఘనపుటడుగులు. ఇందులో కడీ ఆక్రమించే చోటు తీసేయాలి. 6 అంగుళాలు అరడుగు, 4 అంగుళాలు అడుగులో మూడో వంతు, లోతు 2 అడుగులు. అది 0.33 వస్తుంది. 1.57లో 0.33 పోతే 1.24 ఘనపుటడుగులు. ఒక గుంతకు పట్టే తడి కాంక్రీట్ ఇదే.

ఇప్పుడు బస్తా. 50 కిలోల సిమెంట్ బస్తా దాదాపు ఒకటింపావు ఘనపుటడుగు, లీటర్లలో 35. 1:2:4 పాళ్లలో కలిపితే ఒక పాలు సిమెంట్, రెండు ఇసుక, నాలుగు కంకర, మొత్తం ఏడు పాళ్లు. ఏడు ఇంటు 1.25 అంటే 8.75 ఘనపుటడుగుల పొడి సరుకు. కానీ కలిపి నీళ్లు పోశాక అంత ఉండదు. ఇసుక వెళ్లి కంకర సందుల్లో కూర్చుంటుంది, సిమెంట్ ఇసుక సందుల్లో కూర్చుంటుంది. ఒక ఘనపుటడుగు తడి కాంక్రీట్‌కు 1.54 ఘనపుటడుగుల పొడి సరుకు కావాలని ఫీల్డులో లెక్క కడతాం. 8.75ని 1.54తో భాగిస్తే 5.6 పైన వస్తుంది. అంటే 1:2:4లో బస్తాకు 5.6 ఘనపుటడుగులు, 1:3:6లో బస్తాకు 8.

ఇక మీ ముగ్గురి మాటకు వద్దాం. 12 అంగుళాల డ్రిల్లు గుంత, 1:3:6 పాళ్లు: 8ని 1.24తో భాగిస్తే ఆరు కడీల పైన. మీ పక్క చేను అన్న లెక్క అది. అదే గుంత, 1:2:4 పాళ్లు: 5.6ని 1.24తో భాగిస్తే నాలుగున్నర. మేస్త్రీ చెప్పింది అది. గడ్డపారతో 15 అంగుళాల చదరపు గుంత తవ్వితే 1.25 × 1.25 × 2 = 3.12, కడీ పోగా 2.79. 1:2:4లో సరిగ్గా బస్తాకు రెండు. షాపువాళ్లు చూసిన గుంతలు అవి అయ్యుంటాయి.

మేస్త్రీ_నకిరేకల్
మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. నేను ముప్పై ఏళ్ల నుంచి ఈ పని చేస్తున్నా. గడ్డపారతో రెండడుగుల లోతు దిగాలంటే గుంత పైన వెడల్పు కాక తప్పదు, గడ్డపార ఆడటానికి జాగ కావాలి కదా. మట్టి చేత్తో తోడాలి. పైన 15, 16 అంగుళాలు ఉంటుంది, కింద 10, 12 ఉంటుంది. గుంత వెడల్పు మూడంగుళాలు పెరిగితే ఏమవుతుందిలే అనుకుంటారు. 12 అంగుళాల గుండ్రటి గుంత 15 అయితే కాంక్రీట్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 184 గుంతల మీద ఎంతవుతుందో చూసుకోండి. డ్రిల్లు కిరాయి సిమెంట్‌లోనే తిరిగి వస్తుంది.

ఒక్క విషయం. చెల్కలో డ్రిల్లు ఎండాకాలం సరిగ్గా దిగదు, మొరం దగ్గర గిర్రున తిరుగుతుంది. ఒక మంచి వాన పడి రెండు మూడు రోజులు ఆరాక వేయించండి, గుంత నున్నగా వస్తుంది.

పాలమూరు_కొత్తరైతు
ఈ గుణకారాలు భాగహారాలు నాలాంటివాడికి టెన్షన్. గుంత వంకరటింకరగా ఉంటే ఏ కొలత పెట్టాలి? పైదా, కిందదా?

మేస్త్రీ_నకిరేకల్
తమ్మీ, వంకర గుంతకు టేపు పెట్టకు, బకెట్ పెట్టు. పెయింట్ డబ్బా ఉంటది కదా, 20 లీటర్లది. ముందు రెండు మూడు గుంతలు మాత్రమే తవ్వించు. కడీని అందులో నిటారుగా నిలబెట్టు. పొడి ఇసుక డబ్బాతో కొలుస్తూ గుంత నిండేదాకా పోయి. ఎన్ని డబ్బాలు పట్టిందో అదే నీ కాంక్రీట్. కడీ తీసివేత కూడా అందులోనే అయిపోతుంది. ఇసుక మళ్లీ తోడుకోవచ్చు.

12 అంగుళాల డ్రిల్లు గుంతకు ఒకటి ముప్పావు డబ్బా పడుతుంది. గడ్డపార గుంతకు మూడున్నర, నాలుగు కూడా పడుతుంది. పొడి ఇసుకే పోయాలి, తడి ఇసుక ముద్దగా ఆగిపోయి సందులు మిగులుతాయి.

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
ఇది నా సూత్రం కన్నా మంచి పద్ధతి. 1.24 ఘనపుటడుగులంటే 35 లీటర్లు, అంటే సరిగ్గా ఒకటి ముప్పావు డబ్బా. మేస్త్రీ గారి చేతి లెక్క, నా కాగితం లెక్క కలిశాయి.

డబ్బా లెక్కలోనే పాళ్లు కూడా చెప్పేస్తాను. బస్తా సిమెంట్ అంటే ఒకటి ముప్పావు డబ్బా. 1:2:4కు ఒక బస్తా, మూడున్నర డబ్బాల ఇసుక, ఏడు డబ్బాల కంకర. 1:3:6కు ఒక బస్తా, ఐదుంపావు డబ్బాల ఇసుక, పదిన్నర డబ్బాల కంకర. తట్టలతో, పారలతో వేస్తే ఒక మనిషి పార నిండుగా ఉంటుంది, ఇంకొకరిది సగమే ఉంటుంది. సాయంత్రానికి పాళ్లు ఎక్కడికో పోతాయి.

ఇసుక తడిగా ఉంటే ఒక జాగ్రత్త. కొంచెం తడిసిన ఇసుక ఉబ్బుతుంది, 20 నుంచి 30 శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. వాగు నుంచి అప్పుడే తెచ్చిన ఇసుకైతే ఐదుంపావు డబ్బాల చోట ఆరు, ఆరున్నర వేయాల్సి వస్తుంది. వేయకపోతే కాంక్రీట్‌లో ఇసుక తక్కువై, కంకర తేలి, తేనెపట్టులా బొక్కలు మిగులుతాయి.

దేవరకొండ_మల్లె
అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. 184 గుంతలకూ కాంక్రీట్ ఎందుకు?

మా వైపు చెల్కలో, మొరంలో మధ్య కడీలకు చాలామంది సిమెంట్ పెట్టరు. గుంతలో కడీ నిలబెట్టి చుట్టూ రాళ్లు వేసి, మొరం పోసి, నీళ్లు చల్లి, గడ్డపార మొద్దు వైపుతో దిమ్మిస కొట్టినట్టు దట్టిస్తారు. అరడుగు పోసి కొట్టడం, మళ్లీ అరడుగు పోసి కొట్టడం. అలా పాతిన కడీలు మా నాన్న కాలం నాటివి ఇప్పటికీ నిటారుగా ఉన్నాయి. మధ్య కడీ తీగను ఎత్తి పట్టుకుంటుంది, అంతే. తీగ లాగుడంతా మూల కడీల మీద, గేటు కడీల మీద, మలుపుల మీద పడుతుంది. సిమెంట్ అక్కడ పోయాలి.

బత్తాయి_మునుగోడు
అన్నా, పందులు అడుగున ముట్టెతో ఎత్తుతాయి కదా. మధ్య కడీలు ఊగిపోతాయేమోనని భయం. మా ఊళ్లో ఒకాయన కంచె ఒక ఏడాదికే లోపలికి వాలింది, మూడు మీటర్ల మేర తీగ సాగిపోయింది.

మేస్త్రీ_నకిరేకల్
వాలింది ఏ కడీ? మూలదా, మధ్యదా? నూటికి తొంభై చోట్ల మూల కడీ వాలుతుంది, దాంతో తీగ వదులవుతుంది, వదులైన తీగను పంది ఎత్తుతుంది. జనం చూసేది పందిని. ఆయన మూల కడీకి వాలు కడీలు (ఏటవాలుగా ఆనించే కడీలు) పెట్టాడా చూడండి.

బత్తాయి_మునుగోడు
ఈ పొద్దున వెళ్లి చూశాను. మీరన్నట్టే మూల కడీ వాలింది. ఒకవైపే వాలు కడీ ఉంది, దాని కాలు కింద కాంక్రీట్ లేదు, మట్టిలోకి దిగిపోయింది. మూల కడీ చుట్టూ మట్టి ఒకవైపు జానెడు నెర్రె ఇచ్చింది. మధ్య కడీలు చేత్తో ఊపితే కదలలేదు.

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
మీరు చూసొచ్చింది బాగా పనికొస్తుంది. ఇప్పుడు బరువు పడే కడీలను వేరు చేద్దాం. మూలలు నాలుగు, గేటుకు రెండు. ముళ్ల తీగను ఒకే లాగుడులో 1,840 అడుగులు లాగలేం, 150 అడుగులకోసారి ఒక గట్టి కడీ పెట్టి అక్కడ బిగించాలి. మూలలు పోగా అవి ఇంకో పది వేసుకోండి. మొత్తం 16. మిగిలిన 168 మధ్య కడీలు.

ఆ 16 కడీలు ఏడడుగులవి చాలవు. ఎనిమిదడుగులవి, కొంచెం మందంవి, 8 అంగుళాలు, 6 అంగుళాలు ఉన్నవి తీసుకోండి. మూడడుగులు లోపలికి, 18 అంగుళాల బిట్. 1.5 × 1.5 × 0.785 × 3 = 5.3 ఘనపుటడుగులు, కడీ పోగా 4.3. పదహారుకు 69 ఘనపుటడుగులు. 1:2:4లో 12 బస్తాల పైన కొంచెం.

వాలు కడీలు: మూలకు రెండు, బిగింపు కడీకి రెండు, గేటు కడీకి ఒకటి. 8, 20, 2 కలిపి 30. ఒక్కోదాని కాలికి అడుగు చదరం, అడుగు లోతు గుంతలో దిమ్మె పోయాలి. రాయి పోగా 0.8 ఘనపుటడుగులు, ముప్పైకి 24. 1:3:6లో 3 బస్తాలు.

మధ్య కడీలన్నింటికీ కాంక్రీట్ పోస్తే 168 × 1.24 = 208 ఘనపుటడుగులు, 1:3:6లో 26 బస్తాలు. అంటే అన్నింటికీ పోస్తే 41, 42 బస్తాలు, వృథాకు పది శాతం కలిపి 46. మూలలు, గేటు, బిగింపులు, వాలు కడీలకు మాత్రమే పోస్తే 15 చిల్లర, పది శాతం కలిపి 17 బస్తాలు.

మీ మేస్త్రీ లెక్కకు 46 వచ్చిందని, నాకూ 46 వచ్చిందని ఒకటే అనుకోకండి. ఆయన లెక్కలో మూల కడీకి, మధ్య కడీకి ఒకటే గుంత. నా లెక్కలో దాదాపు 17 బస్తాలు ఆ 16 కడీలకు, వాటి వాలు కడీలకే పోతున్నాయి.

నల్లరేగడి_అలంపూర్
ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి నల్లరేగడివాళ్లు కూడా మట్టి దట్టిస్తే చాలనుకుంటారు. మా నేల వేరు. ఎండాకాలం చేయి పట్టేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దట్టించిన కడీ మొదటి ఎండాకాలానికే ఊగుతుంది. ఇక్కడ మధ్య కడీలకూ కాంక్రీట్ కావాలి, లోతు కూడా రెండున్నర అడుగులు తగ్గకూడదు.

గుంత పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే మా నేలలో ఇంకా చేటు. మట్టి ఉబ్బినప్పుడు ఆ వెడల్పు అంచును కింద నుంచి ఎత్తి కడీని పైకి నెడుతుంది. పైనా కిందా సమానంగా ఉండాలి, వీలైతే అడుగున కొంచెం చెక్కి వెడల్పు చేయాలి. కాంక్రీట్ నేల మీద గొడుగులా పరుచుకోకుండా చూడండి. మేం 12 అంగుళాల గుంత, రెండున్నర అడుగులకు కడీ పోగా ఒకటిన్నర ఘనపుటడుగు వేసుకుంటాం. 1:3:6లో బస్తాకు ఐదు వస్తాయి.

అచ్చంపేట_గట్టు
మాది ఇంకో రకం కష్టం. అడుగు లోపలే బండ. డ్రిల్లు దిగదు, గడ్డపార మోగుతుంది. కంప్రెసర్ పెట్టి బండలో గుంత కొట్టిస్తే అడుగు, అడుగుంపావు చాలు, ఎందుకంటే బండ పట్టుకున్నంత గట్టిగా ఏ మట్టీ పట్టుకోదు. అక్కడ కాంక్రీట్ అర ఘనపుటడుగు కూడా పట్టదు. కంప్రెసర్ ఖర్చు ఎక్కువ, సిమెంట్ ఖర్చు తక్కువ. గుంత కడిగి దుమ్ము తీసి పోయాలి, లేకపోతే అతుక్కోదు. మునుగోడు అన్నకు ఇది అక్కర లేదు, మా వైపు చదివేవాళ్ల కోసం రాశా.

పాలమూరు_కొత్తరైతు
మా ఊళ్లో ఇసుక, కంకర, సిమెంట్ పొడిగానే కలిపి గుంతలో పోసి, పైన ఒక బకెట్ నీళ్లు పోస్తున్నారు. పని తొందరగా అవుతుంది. పర్వాలేదా?

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
వద్దు. నీళ్లు పైన పోస్తే పైపొర తడిసి గట్టిపడి మూతలా అవుతుంది. అడుగున సిమెంట్ పొడిగానే మిగిలిపోతుంది, లేదా నీటితో కారి మట్టిలోకి పోతుంది. డబ్బు పెట్టి కొన్న సిమెంట్‌లో సగం పనిచేయదు. ఇనుప రేకు మీదో, గచ్చు మీదో కలిపి పోయండి.

నీళ్లు కూడా కొలవాలి. ఐఎస్ 456 (కాంక్రీట్‌కు మన దేశ ప్రమాణం) ప్రకారం 1:2:4కు సమానమైన ఎం15 గ్రేడుకి బస్తాకు 32 లీటర్లు, 1:3:6కు సమానమైన ఎం10కి 34 లీటర్లు. అంటే పెయింట్ డబ్బా ఒకటిన్నర నుంచి ఒకటి ముప్పావు లోపు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పోసేవాళ్లకు సుఖంగా ఉంటుందని పాయసంలా కలిపితే ఎంత సిమెంట్ వేసినా బలం రాదు. గట్టిగా కలిపి, గుంతలో అరడుగు అరడుగుకూ ఇనుప రాడ్‌తో పొడవండి. గాలి బుడగలు పోతాయి, కాంక్రీట్ కడీ చుట్టూ కూర్చుంటుంది.

మేస్త్రీ_నకిరేకల్
18 అంగుళాల గుంతల్లో ఒక పొదుపు ఉంది. చేనులోనే దొరికే పిడికెడంత గుండ్రాళ్లు కడిగి, తడిపి, కాంక్రీట్ పోస్తూ మధ్య మధ్యలో వేయాలి. గుంతలో నాలుగో వంతు దాకా రాళ్లు మింగుతాయి. రాయికి రాయికి మధ్య, రాయికి గుంత గోడకు మధ్య రెండు మూడంగుళాల కాంక్రీట్ ఉండేలా చూసుకోవాలి. రాళ్లు కుప్పగా పోసి పైన కాంక్రీట్ పోస్తే లోపల బోలు ఉంటుంది, అది పనికిరాదు. మట్టి అంటిన రాయి కూడా వేయొద్దు. 12 అంగుళాల గుంతల్లో మాత్రం ఇది పెట్టుకోకండి, కడీ చుట్టూ ఉండేదే మూడు నాలుగు అంగుళాలు.

బత్తాయి_మునుగోడు
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మూడు గుంతలు డ్రిల్లుతో వేయించి, మేస్త్రీ గారు చెప్పినట్టు డబ్బాతో పొడి ఇసుక పోసి చూశాం. రెండు చోట్ల ఒకటి ముప్పావు డబ్బా పట్టింది. కుంట వైపు వేసిన గుంతకు రెండు డబ్బాలు నిండుగా పట్టింది. అక్కడ మట్టి వదులు, డ్రిల్లు తీసేటప్పుడే అంచులు రాలాయి. కుంట నిండితే ఆ వైపు నేల మెత్తబడుతుంది కూడా. అటు 30 కడీలు వస్తాయి.

అందుకే ఇలా అనుకుంటున్నాం: 16 గట్టి కడీలకు, 30 వాలు కడీల కాళ్లకు, కుంట వైపు 30 మధ్య కడీలకు కాంక్రీట్. మిగతా 138 మధ్య కడీలు రాళ్లు, మొరంతో దట్టించడం. లెక్క సరిగ్గా ఉందేమో చూడండి మేడమ్.

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
మంచి నిర్ణయం. కుంట వైపు రెండు డబ్బాలు అంటే 40 లీటర్లు, 1.4 ఘనపుటడుగులు. ముప్పైకి 42, 1:3:6లో ఐదుంపావు బస్తాలు. ముందటి 15 చిల్లరతో కలిపి 20న్నర, పది శాతం వృథాతో 23 బస్తాలు.

ఇసుక, కంకర: 1:2:4లో బస్తాకు ఇసుక రెండున్నర, కంకర ఐదు ఘనపుటడుగులు. 1:3:6లో ఇసుక మూడు ముప్పావు, కంకర ఏడున్నర. 12 చిల్లర బస్తాలు మొదటి పాళ్లు, 8 చిల్లర రెండో పాళ్లు. ఇసుక 62, కంకర 124 ఘనపుటడుగులు వస్తాయి. పది శాతం కలిపి 70, 137 అనుకోండి.

ట్రాక్టర్ ట్రిప్పు అని మాట్లాడుకోకండి, ట్రాలీ కొలవండి. పొడుగు పది, వెడల్పు ఆరు, సరుకు ఎత్తు ఒకటిన్నర అడుగులు ఉంటే 90 ఘనపుటడుగులు. మీకు ఇసుక ఒక ట్రాలీ, కంకర ఒకటిన్నర. కంకర 20 ఎంఎం తీసుకోండి, 40 ఎంఎం వద్దు. కడీకి, గుంత గోడకు మధ్య ఉన్న సందులో 40 ఎంఎం రాయి ఇరుక్కుంటుంది.

దేవరకొండ_మల్లె
23 బస్తాలూ ఒకేసారి తేకు అన్నా. పొలంలో షెడ్డు లేకపోతే వానకు ఒక్క రాత్రిలో గడ్డ కడతాయి. పది తెచ్చుకుని, కింద చెక్కలు వేసి, పైన తాటిపత్రి కప్పి పెట్టు. మూలలు, బిగింపులు ముందు పోయించు. అక్కడ అసలు ఎంత పట్టిందో చూశాక మిగతావి తెచ్చుకో.

మేస్త్రీ_నకిరేకల్
మూలలు పోశాక వెంటనే తీగ లాగొద్దు. కనీసం వారం ఆగండి, పది రోజులు ఆగితే ఇంకా మంచిది. రోజూ నీళ్లు పట్టాలి. తోటలో డ్రిప్పు ఉంది కదా, కడీ మొదట్లో మట్టి కప్పి తడి గోనెసంచి చుట్టి పెడితే పూటకు ఒకసారి తడిపినా చాలు. కాంక్రీట్ పైభాగం నేల కన్నా ఒక అంగుళం ఎత్తుగా, కడీ నుంచి బయటికి వాలుగా నున్న చేయించండి, నీళ్లు నిలవవు.

కల్వకుర్తి_కోళ్లఫారం
ఇదే చర్చలో నాదొక ప్రశ్న. ఫారం చుట్టూ జాలీ కంచె, రెండంగుళాల ఇనుప పైపులు, మొరం నేల. 9 అంగుళాల బిట్‌తో ఒకటిన్నర అడుగులు వేయిస్తున్నా. బస్తాకు ఎన్ని వస్తాయి? మొత్తం 70 పైపులు.

సైట్_ఇంజినీర్_జడ్చర్ల
9 అంగుళాలంటే 0.75 అడుగు. 0.75 × 0.75 × 0.785 × 1.5 = 0.66. పైపు తీసేస్తే 0.63. పైపు సన్నం కాబట్టి 1:2:4 వాడండి, బస్తాకు తొమ్మిది దాకా వస్తాయి. డెబ్బైకి 8 బస్తాలు, వృథాకు ఇంకొకటి. మూల పైపులు ఇందులో లేవు, వాటికి పైన చెప్పినట్టే పెద్ద గుంత వేరే లెక్క కట్టుకోండి.

పైపు అడుగున మూత వెల్డింగ్ చేయించి, దాని మీద రెండు చిన్న రాడ్ ముక్కలు అడ్డంగా అతికించండి. నున్నటి పైపు కాంక్రీట్‌లో తిరుగుతుంది, రాడ్ ముక్కలుంటే తిరగదు.

కల్వకుర్తి_కోళ్లఫారం
రాడ్ ముక్కల సంగతి వెల్డర్ చెప్పలేదు. రేపే చేయిస్తా. ముందు మూడు గుంతలు వేయించి డబ్బాతో కొలిచి ఇక్కడ పెడతాను.